పిల్లల ఆటలో పెద్దల పని: పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల దాకా అంచెలంచెల మార్గదర్శి

పది నెలల పాప చెంచా కింద పడేసింది. మీరు తీసి చేతికిచ్చారు. మళ్లీ పడేసింది. ఐదోసారికి విసుగొచ్చి చెంచా దాచేశారు, పాప ఏడుపు లంకించుకుంది. మనకు అది అల్లరిలా కనిపిస్తుంది. పాపకు అది సగంలో ఆగిపోయిన పరిశోధన. వదిలేస్తే వస్తువు ఎప్పుడూ కిందికే పోతుందా? ప్రతిసారీ అదే చప్పుడు వస్తుందా? కంటికి కనపడకుండా పోయింది మళ్లీ దొరుకుతుందా? అమ్మ ఎన్నిసార్లు తీసిస్తుంది? ఇన్ని ప్రశ్నలకు ఆ పాప దగ్గరున్న పరికరం ఒక్క చెంచా.

ఆటలో నేర్చుకోవడం మనం మొదలుపెట్టాల్సిన పని కాదు, అది ఎలాగూ జరుగుతోంది. ఏం జరుగుతోందో చూసి, అడ్డం తొలగి, అవసరమైన చోట ఒక్క మెట్టు అందించడమే పెద్దల పని. ప్రేమ లేక ఎవరూ తప్పు చేయరు. నేర్పించాలన్న తొందరలో ఆటను పరీక్షగా మార్చేస్తారు, అంతే. "ఇదేం రంగు? ఇవి ఎన్ని? దీన్నేమంటారు?" అని వరుసగా అడిగితే మూడో ప్రశ్నకు పిల్లలు లేచి వెళ్లిపోతారు. అలా జరగకుండా ఏం చేయవచ్చో ఒక్కో అడుగుగా చూద్దాం.

మొదటి అడుగు: ఐదు నిమిషాలు ఊరికే చూడండి

ఫోన్ వేరే గదిలో పెట్టి, పిల్లలకు కాస్త దూరంగా కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. చేతులు ఏం చేస్తున్నాయి, ఏ పని మళ్లీ మళ్లీ చేస్తున్నారు, ఎక్కడ ఆగిపోయి ఆలోచిస్తున్నారు, ఈ మూడే గమనించండి.

మళ్లీ మళ్లీ చేసే పనిలోనే అసలు గుట్టు ఉంటుంది. ఒక బాబు డబ్బాలో వస్తువులు నింపుతాడు, కుమ్మరిస్తాడు, మళ్లీ నింపుతాడు. ఇంకో పాప దొరికిన ప్రతిదాన్నీ గుడ్డలో చుట్టిపెడుతుంది. మరొకరికి గుండ్రంగా తిరిగేదేదైనా ఇష్టం, బొమ్మకారు చక్రాన్ని వేలితో తిప్పుతూ అరగంట కూర్చుంటారు. ఆ పిల్లలు ప్రస్తుతం ఏ సంగతి తేల్చుకునే పనిలో ఉన్నారో అది చెబుతుంది. నింపి కుమ్మరించే బాబుకు రకరకాల సైజుల డబ్బాలు ఇవ్వండి. అన్నీ విసిరే పాపకు "విసరకు" అని పదిసార్లు చెప్పే బదులు మెత్తటి బంతులూ ఒక బుట్టా ఇచ్చి, దేన్ని ఎక్కడికి విసరవచ్చో చూపించండి.

ముందు చూడమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, బడికి ఇంకా వెళ్లని వయసు పిల్లలకు ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. అందులో కీచుమనే గొట్టం, లోపల దాగిన అద్దం, ఇలా చాలా విశేషాలున్నాయి. కొందరికి "ఇదిగో, ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది" అని ఒక్క విశేషం నేర్పి చూపారు. ఇంకొందరి ముందు అదే చప్పుడు అనుకోకుండా వచ్చినట్టు చేశారు. నేర్పించుకున్న పిల్లలు ఆ ఒక్కటే చేసి తొందరగా ఆపేశారు. మిగతావాళ్లు ఎక్కువసేపు ఆడి, మిగిలిన విశేషాలు కూడా ఎక్కువగా కనిపెట్టారు. పెద్దవాళ్లు చూపించారంటే ఇక ఇంతే ఉందన్నమాట అని పిల్లలు అనుకుంటారు. అందుకని కొత్త వస్తువు ఇచ్చిన వెంటనే దాని వాడకం చూపించొద్దు. కాసేపు వాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి.

రెండో అడుగు: సామాను తగ్గించండి

బొమ్మలు ఎక్కువైతే ఆట పెరుగుతుందని అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. 2018లో అమెరికాలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలను గమనించారు, ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. కాబట్టి కొన్ని బయట ఉంచి మిగతావి అటక మీద పెట్టేయండి. వారం రెండు వారాలకోసారి మార్చండి. పాతవే కొత్తగా కనిపిస్తాయి.

బయట ఉంచేవాటిలో, ఒక్క పనే చేసే బొమ్మల కంటే పది రకాలుగా మారగలిగేవి ఎక్కువ ఉండాలి: చెక్క దిమ్మలు, అట్టపెట్టెలు, గుడ్డముక్కలు, మూతలున్న డబ్బాలు, పెద్ద గరిటెలు, బంతి. అట్టపెట్టె ఇవాళ పడవ, రేపు గుహ. మీట నొక్కితే పాడి మాట్లాడే బొమ్మల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆ బొమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లో మనిషి మౌనంగా ఉంటాడు. ఏడాది వయసు అటూ ఇటూ ఉన్న పసివాళ్ల మీద 2016లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడేటప్పుడు తల్లిదండ్రుల మాటలు తగ్గాయి, బొమ్మల పుస్తకం చేతిలో ఉన్నప్పుడు పెరిగాయి. ఇంట్లో ఒకటి రెండు ఉంటే ముంచుకొచ్చే ప్రమాదమేమీ లేదు. ఆటంతా వాటి చేతికి వెళ్లకూడదు.

ఇంకా కూర్చోవడమే నేర్చుకుంటున్న పాపలకు ఎలినోర్ గోల్డ్‌ష్మీడ్ అనే బ్రిటిష్ శిశువిద్యా నిపుణురాలు సూచించిన బుట్ట చాలా బాగుంటుంది. అంచులు తక్కువ ఎత్తున్న బుట్టలో ఇంట్లోని మామూలు వస్తువులు పెట్టాలి: చెక్క చెంచా, లోహపు గిన్నె, శుభ్రమైన బ్రష్షు, ఉన్ని గుడ్డ, పెద్ద తోలు ముక్క. ప్లాస్టిక్ బొమ్మలన్నీ ముట్టుకుంటే ఒకేలా ఉంటాయి. వీటిలో చల్లదనం, గరుకు, బరువు, వాసన, అన్నీ తేడాగా తగులుతాయి. పక్కన కూర్చోండి, మాట్లాడాల్సిన పని లేదు.

ఇక్కడ భద్రత గురించి కాస్త ఆగి చెప్పాలి. మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు ఏది అడ్డం పడుతుందో తేల్చే పరీక్ష గొట్టం వెడల్పు సుమారు 32 మిల్లీమీటర్లు. ఇంట్లో టాయిలెట్ పేపర్ లోపలి అట్టగొట్టం దానికన్నా కొంచెం వెడల్పే కాబట్టి కొలతగా పనికొస్తుంది. అందులోంచి దూరిపోయే ఏ వస్తువూ ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వొద్దు. పగిలిన బెలూన్ ముక్కలు, చిన్న అయస్కాంతాలు, గుండీలాంటి బ్యాటరీలు ఇంకా ప్రమాదం. ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్ల ఆటైతే రెండు మూడు అంగుళాల లోతున్నా సరే, చేతికందే దూరంలోనే మీరుండాలి.

మూడో అడుగు: ఆటలోకి అతిథిగా వెళ్లండి

నేల మీద, వాళ్ల కళ్లకు ఎదురుగా మీ కళ్లు ఉండేట్టు కూర్చోండి. వాళ్లు చేస్తున్నదే మీరూ చేయండి. పాప దిమ్మ మీద దిమ్మ పెడుతుంటే మీరూ పక్కన ఇంకో వరుస పేర్చండి. మీవంక చూసి నవ్వినా, ఒక దిమ్మ తెచ్చి చేతికిచ్చినా లోపలికి రమ్మన్నట్టే. "రైలు చేద్దాం రా" అని మీ ఆట మొదలుపెట్టకండి. పాప గోడ కడుతోంది, రైలు కాదు.

రోజంతా ఇలా కూర్చోవడం ఎవరికీ కుదరదు. రోజుకు పది పదిహేను నిమిషాలు, మనసు పూర్తిగా అక్కడే పెట్టి కూర్చున్నా చాలు. అమ్మానాన్నలే కానక్కర్లేదు, తాతయ్య కావచ్చు, పిన్ని కావచ్చు. మిగతా సమయంలో పిల్లలు తమంతట తాము ఆడుకోవడం కూడా ఎంతో అవసరం. "బోర్ కొడుతోంది" అనగానే ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా కాసేపు ఆగితే, ఆ ఖాళీలోంచే కొత్త ఆట పుడుతుంది.

నాలుగో అడుగు: మాట కలపండి, ఆ తర్వాత ఆగండి

అన్ని అడుగుల్లోనూ దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరతాను.

పసిపాప "ఊఁ" అంటుంది, మీరు "ఊఁ... అవునా!" అంటారు, పాప మళ్లీ కాళ్లాడిస్తుంది. ఇదీ సంభాషణే. బంతి మీ వైపు వచ్చింది, తిరిగి వేశారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మీద 2018లో జరిగిన ఒక పరిశోధనలో తేలింది ఏమిటంటే, పిల్లలు ఎన్ని మాటలు విన్నారన్నదాని కంటే పెద్దలతో ఎన్నిసార్లు అటూ ఇటూ మాటలు సాగాయన్నదే మెదడులో భాషకు సంబంధించిన భాగం చురుకుదనంతో ముడిపడి ఉంది. అంటే గలగలా మాట్లాడేస్తే సరిపోదు. బంతి తిరిగి రావాలి, రావడానికి సమయం ఇవ్వాలి.

మన చేతిలో లేనట్టు అనిపించేది ఆ సమయమే. బడుల్లో టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో చూపించారు. ఇంకా మాటలే వెతుక్కునే రెండేళ్ల పిల్లలకు మరింత సమయం కావాలి. మనసులో పది అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది. ఏడో అంకె దగ్గర మాట వచ్చినప్పుడు ఆ ఇబ్బంది గుర్తుండదు.

పిల్లల మాటను సరిదిద్దే బదులు పెంచండి. బాబు "కాలు పోయింది" అన్నాడనుకోండి, బొమ్మకారు మంచం కిందికి వెళ్లింది. "కాలు కాదు నాన్నా, కారు, కారు అను" అంటే ఆట ఆగిపోయింది. "అవును, కారు పోయింది! మంచం కిందికి దూరిపోయింది" అంటే సరైన ఉచ్చారణ విన్నాడు, "దూరిపోవడం" అనే కొత్త మాట విన్నాడు, ఆట కూడా సాగింది.

ఇక ప్రశ్నలు. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు రోజుకు ఒకటి రెండు చాలు. నిజంగా తెలియని ప్రశ్నలు అడగండి.

"ఈ గోడ పడిపోకుండా ఎలా నిలబెట్టావు?"
"కింద పెద్దది పెట్టా."
"ఓ, కింద పెద్దది! మరి చిన్నది కింద పెడితే?"
"... చూద్దాం."

ఆ "చూద్దాం" వినడానికే ఇదంతా. మూడేళ్ల లోపు పిల్లలకు "ఎందుకు" అన్న ప్రశ్న బరువు, "ఏమైంది", "ఇప్పుడేమవుతుంది" తేలిక. ప్రశ్నే లేకుండా మీలో మీరు అనుకున్నట్టు పైకి అనడం కూడా బాగా పనిచేస్తుంది: "ఈ నీళ్లన్నీ ఎటు పోయాయబ్బా..." జవాబు చెప్పి తీరాలన్న టెన్షన్ ఉండదు కాబట్టి పిల్లలు అందుకుంటారు.

ఏ భాషలో మాట్లాడాలి? మీ నోట సహజంగా, ప్రేమగా, ధారాళంగా వచ్చే భాషలో. బడి కోసమని సగం వచ్చిన భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే, మాటలు పలచబడతాయి, ఆట కూడా పలచబడుతుంది. రెండు భాషలున్న ఇంట్లో పిల్లలు రెండూ పట్టుకోగలరు.

ఐదో అడుగు: చిక్కుకున్నప్పుడు ఒక్క మెట్టే అందించండి

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో 21 చెక్కముక్కల పిరమిడ్ కట్టించారు. పక్కనున్న పెద్దమనిషి ఎప్పుడు సాయపడాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నదాన్ని వాళ్లు భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. గోడ నిలబడ్డాక పరంజా తీసేస్తారు. అంతకు చాలా ముందే లెవ్ వైగోత్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త చెప్పిందీ ఇలాంటిదే: పిల్లలు ఒంటరిగా చేయగలిగినదానికీ, తోడుంటే చేయగలిగినదానికీ మధ్య ఒక చోటు ఉంటుంది. నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

పజిల్ ముక్క పట్టడం లేదు, పాప మొహం ఎర్రబడుతోంది. ముందు ఆగండి, ఇంకో ప్రయత్నం చేయనివ్వండి. కుదరకపోతే మాటతో: "కొంచెం తిప్పి చూస్తావా?" అదీ చాలకపోతే వేలితో చూపండి: "ఈ వంపు, ఆ వంపు చూడు." అప్పటికీ రాకపోతే పలకను కదలకుండా పట్టుకోండి. మరీ అవసరమైతే ముక్కను దాని చోటుకు దగ్గరగా జరపండి, లోపలికి నొక్కడం మాత్రం పాపే చేయాలి. తర్వాతి ముక్కకు మళ్లీ మొదటి నుంచి, అంటే ఆగడం నుంచే. కాసింత కష్టపడటం వేరు, చేతులెత్తేసేంత విసుగు వేరు. మొదటిదాన్ని కాపాడండి, రెండోది రాకముందే చేయి అందించండి.

ఆరో అడుగు: ఇంటి పనుల్లోనే ఆటను వెతకండి

ఆట కోసం విడిగా సమయం దొరకట్లేదని బాధపడేవాళ్లకు ఈ భాగం. పిల్లలకు మన పనులంటే మహా సరదా. వాళ్ల లెక్కలో పనికీ ఆటకూ మధ్య గీత లేదు.

ఉతికిన బట్టల కుప్ప దగ్గర కూర్చోబెట్టండి. సాక్సులు జతలు కలపడం అంటే పోలికలూ తేడాలూ వెతకడం. నాన్న చొక్కాలు ఒక పక్క, పాప గౌన్లు ఒక పక్క పెట్టడం అంటే వర్గీకరణ. చేతిరుమాలు మడిస్తే సగం, ఇంకోసారి మడిస్తే పావు. ఆ మాటలు అక్కడే, చేతిలో గుడ్డ ఉండగా వింటే అర్థం దానంతటదే అతుక్కుంటుంది. స్నానాల గదిలో రెండు మగ్గులు, ఒక చిల్లుల గిన్నె ఉంటే చాలు: ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది, పొడవు గ్లాసులో నీళ్లు వెడల్పు గిన్నెలోకి పోస్తే ఎందుకు తగ్గినట్టు కనిపిస్తాయి. నాలుగేళ్ల వాళ్లు పొడవు గ్లాసులోనే నీళ్లు ఎక్కువని వాదిస్తారు. వాదించనివ్వండి. మళ్లీ మళ్లీ పోసి చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

లెక్కల గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. "ఒకటి, రెండు, మూడు..." అని ఇరవై దాకా అప్పజెప్పడం లెక్కపెట్టడం కాదు, అది పాట. లెక్క రావాలంటే ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె పలకాలి, వరుస మారకూడదు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియాలి. రోషెల్ గెల్మన్, ర్యాండీ గాలిస్టెల్ అనే మనస్తత్వవేత్తలు 1978లో ఈ సూత్రాలను విడదీసి చూపారు. మూడేళ్ల బాబు ఐదు గుండీలు చక్కగా లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాడు. మొండితనం కాదు, ఆ మూడో సూత్రం ఇంకా రాలేదు, అంతే. మెట్లెక్కుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె పలకండి. పైకి చేరాక "ఎనిమిది. మొత్తం ఎనిమిది మెట్లు" అని మీరే అనండి. "మనం ముగ్గురం, ముగ్గురికీ చెంచాలు తెస్తావా?" అని పంపండి. రెండే తెస్తే "తప్పు" అనొద్దు, పంచమనండి. ఒకరికి చెంచా లేదని వాళ్లకే కనపడుతుంది, మళ్లీ పరిగెత్తుతారు.

ఇలా చేస్తే పని రెట్టింపు సమయం పడుతుంది, నిజమే. అందుకే రోజూ అన్ని పనుల్లో కాదు, తొందర లేని ఒక్క పనిలో.

ఏడో అడుగు: ఉత్తుత్తి ఆటలో చిన్న వేషం వేయండి

ఏడాదిన్నర దగ్గర్లో పిల్లలు ఖాళీ కప్పు ఎత్తి తాగినట్టు చేస్తారు, చెక్కదిమ్మ చెవికి పెట్టుకుని "హలో" అంటారు. ఇది పెద్ద మలుపు. ఒక వస్తువు ఇంకో వస్తువుకు బదులుగా నిలబడగలదని అర్థమైంది. కొన్నేళ్ల తర్వాత "క" అనే గీతల ముగ్గు ఒక శబ్దానికి బదులు నిలుస్తుందని తెలుసుకోవడానికి పునాది ఇక్కడే పడుతోంది.

నాలుగేళ్ల పిల్లలకు ఇది మనసును అదుపులో పెట్టుకోవడం కూడా నేర్పుతుంది. "కదలకుండా నిలబడు" అంటే పది సెకన్లు ఆగలేని బాబు, "నువ్వు కోట కాపలాదారుడివి" అనేసరికి బిగుసుకుని నిలబడతాడు. వేషానికి నియమం ఉంది మరి.

"నేనెవర్ని?" అని అడిగి వాళ్లిచ్చిన పాత్రే తీసుకోండి. ఆట ఒకేచోట తిరుగుతుంటే చిన్న చిక్కు తెచ్చిపెట్టండి: "డాక్టర్‌గారూ, మా ఎలుగుబంటి మందు మింగనంటోంది, ఏం చేయమంటారు?" తర్వాత నోరు కట్టుకోండి. ఎలుగుబంటి ఎగిరినా, చేప మంచం మీద నిద్రపోయినా, "అలా ఉండదమ్మా" అనకండి. పాపకు ఆ సంగతి తెలుసు.

ఎనిమిదో అడుగు: తోటి పిల్లలతో

మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లోనే గమనించి రాశారు: చిన్నపిల్లలు ముందు ఒంటరిగా ఆడతారు, తర్వాత పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడతారు, కలిసి ఒకే ఆట కట్టుకోవడం ఆ తర్వాత వస్తుంది. రెండేళ్ల వాళ్లిద్దరు మాట్లాడుకోకుండా పక్కపక్కన ఆడుతుంటే స్నేహం కుదరలేదని దిగులు పడొద్దు. ఆ వయసులో "షేర్ చెయ్" అని చేతిలోది లాక్కుని అవతలివాళ్లకిస్తే, బలమున్నవాళ్లు లాక్కోవచ్చనే నేర్చుకుంటారు. ఒకేరకం వస్తువులు రెండు పెట్టండి, లేదా వంతులు పెట్టండి: "అక్క ఆడటం అయ్యాక నీ వంతు." గొడవైతే తీర్పు చెప్పకుండా చూసింది చెప్పండి: "ఇద్దరికీ ఆ కారే కావాలి. కారు ఒక్కటే ఉంది. ఏం చేద్దాం?" నాలుగేళ్లు దాటినవాళ్లు మనం ఆశ్చర్యపోయే ఉపాయాలు చెబుతారు.

మెచ్చుకోవడం ఎలా

"సూపర్! వెరీ గుడ్!" అని ప్రతి గీతకూ అంటుంటే పిల్లలు బొమ్మను వదిలి మన మొహం చూడటం మొదలుపెడతారు. 1973లో ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "వేస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లలో సగానికి పడిపోయింది. బదులుగా మీకు కనిపించింది చెప్పండి: "ఇక్కడ గట్టిగా నొక్కి గీశావు, ఇక్కడేమో సన్నగా." శ్రద్ధగా చూశారని వాళ్లకు తెలుస్తుంది, వాళ్లకు కావాల్సిందీ అదే.

కదలిక, స్క్రీన్, డాక్టర్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం, పాకడం రాని పసివాళ్లు మెలకువగా ఉన్నప్పుడు రోజులో మొత్తం 30 నిమిషాలైనా బోర్లా పడుకుని ఆడాలి. ఏడాది నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి. రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట మించొద్దు. ఎవరూ చూడకపోయినా టీవీ నడుస్తుంటే ఆటలో ధ్యాస చెదురుతుంది, కట్టేయండి.

ఆటను గమనించేవాళ్లకే కొన్ని విషయాలు ముందు కనపడతాయి. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు పదాలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా "తర్వాత వస్తాయిలే" అని ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి, వినికిడి పరీక్ష కూడా అడగండి.

ఆట ముగించడం

మధ్యలో "చాలు, లే" అంటే పేచీ తప్పదు, పుస్తకం చివరి పేజీలో ఉండగా ఎవరో లాక్కుంటే మనకెలా ఉంటుందో అలాగే. గడియారం నిమిషాలు పిల్లలకు అర్థం కావు. "ఇంకో మూడు దిమ్మలు పెట్టి ఆపేద్దాం" అనండి, మూడూ వాళ్లతోనే లెక్కపెట్టించండి. సర్దేటప్పుడు పెద్దవి ఈ బుట్టలోకి, చిన్నవి ఆ బుట్టలోకి. సగం కట్టిన గోడను మాత్రం కూల్చమనకండి. ఓ మూలగా అలాగే ఉంచి, పడుకునే ముందు "రేపు దీని పైన ఏం కడతావు?" అని అడగండి. పొద్దున్న లేచాక పాప ముందు ఎటు నడుస్తుందో చూడండి.